రెండు రాష్ట్రాల మధ్య ఒక రేషన్ కార్డు: హైబ్రిడ్ క్లౌడ్ అప్లికేషన్ల నిర్మాణ రీతులు

చిన్నమనూరు ప్రాంతపు రైతుకు నీరు రెండు చోట్ల నుంచి అందుతుంది. ఒకటి సొంత బావి. రెండవది, 1895లో పెరియార్ ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి పడమటి కనుమల అవతలి వైపు నుండి సొరంగం గుండా ఇటు మళ్లివస్తున్న ఉమ్మడి నీరు. బావి తన అదుపులో ఉంటుంది గాని అందులో ఊరే నీటికి పరిమితి ఉంది. కాలువలో నీరు సమృద్ధిగా ఉండవచ్చును గాని, దానిని ఎప్పుడు వదలాలో నిర్ణయించేది వేరొకరు. తెలివైన రైతు రెండింటినీ ఉంచుకుంటాడు. ఏ మడికి ఏ నీరు పెట్టాలో ముందుగానే ఆలోచించుకుంటాడు.

హైబ్రిడ్ క్లౌడ్ అన్న మాటకు అర్థం ఇంచుమించు ఇదే. ఒక సంస్థ తన సొంత సర్వర్లను నిలుపుకుంటూనే, అద్దెకు దొరికే ఉమ్మడి క్లౌడ్‌ను కూడా వాడుకుంటుంది. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్.ఐ.ఎస్.టి. 2011లో ప్రకటించిన నిర్వచనంలో గమనించదగినది ఒకటుంది: ఇందులో చేరిన క్లౌడ్‌లు ఒకదానిలో ఒకటి కలిసిపోవు. దేని ఉనికి దానిదే. సమాచారమూ అప్లికేషన్లూ అటూ ఇటూ సాగేందుకు వీలుగా సాంకేతికత వాటిని ముడివేస్తుంది. ఈ ఊరి పేరుతో ప్రసిద్ధికెక్కిన పాండ్యుల తామ్రశాసనాలలో పెద్దదాన్ని ఎరిగినవారికి ఇది వింతగా తోచదు. అక్కడ శాసనం ఒక్కటే. సంస్కృత భాగం గ్రంథ లిపిలో, తమిళ భాగం వట్టెళుత్తులో ఉంటాయి.

ఇటువంటి వ్యవస్థలను ఎలా నిర్మించాలో తెలుసుకోవడానికి మనవారికి బాగా తెలిసిన ఉదాహరణ రేషన్ కార్డు. ‘ఒకే దేశం – ఒకే రేషన్ కార్డు’ పథకం 2019 ఆగస్టులో రెండు జంటలతో మొదలైంది: ఆంధ్రప్రదేశ్–తెలంగాణ, గుజరాత్–మహారాష్ట్ర. తమిళనాడు 2020 అక్టోబరులో చేరింది. అందువల్ల ఆంధ్రలో కార్డు ఉన్న కూలి కుటుంబం కంబం లోయలోని చౌకధరల దుకాణంలోనూ బియ్యం తీసుకోవచ్చును. అయితే జాతీయ ఆహార భద్రతా చట్టం పరిధిలోకి వచ్చే కార్డులకే ఈ సౌకర్యం ఉంది. సొంత రాష్ట్రం అదనంగా ఇచ్చే రాయితీలు సరిహద్దు దాటి రావు. నిజానికి ఇది వేర్వేరు ప్రభుత్వ వ్యవస్థల సమాఖ్య. సొంత సర్వర్లు, అద్దె క్లౌడ్ కలిసిన చోట తలెత్తే ప్రశ్నలన్నీ ఇందులోనూ తలెత్తుతాయి గనుక మన పాఠానికి ఇది చాలును.

మొదటి ప్రశ్న: అసలు పత్రం ఎక్కడ ఉండాలి? అన్నింటినీ ఒకచోటికి నకలు చేసుకోవాలన్న కోరిక ప్రతి ఇంజనీరుకూ కలుగుతుంది. ఆ కోరికను అణచుకోవడం మేలు. నకళ్లు పెరిగినకొద్దీ ఏది తాజాదో తెలియకుండా పోతుంది. 2015లో ప్రారంభమైన డిజిలాకర్ ఈ విషయంలో మంచి మార్గం చూపింది. పత్రాన్ని జారీ చేసిన సంస్థ దానిని తన భాండాగారంలోనే ఉంచుకుంటుంది. డిజిలాకర్ వద్ద ఉండేది దాని చిరునామా మాత్రమే. పౌరుడు అడిగినప్పుడు ఆ చిరునామాను పట్టుకొని పత్రాన్ని తెస్తుంది. ఇలా తెచ్చిన పత్రాలను అసలు పత్రాలతో సమానంగా పరిగణించాలని 2017లో నిబంధన కూడా వచ్చింది. హైబ్రిడ్ నిర్మాణంలో ఇది మౌలికమైన రీతి: సమాచారం యజమాని ఇంట ఉంటుంది, ప్రశ్న ప్రయాణం చేస్తుంది.

రెండవది అనువాదపు పొర. ఎరిక్ ఎవాన్స్ 2003లో వెలువడిన తన గ్రంథంలో దీనికి ‘యాంటీ కరప్షన్ లేయర్’ అని పేరు పెట్టాడు. పేరు భయపెట్టినా విషయం సులభం. ఒక వ్యవస్థలోని పదాలు, అలవాట్లు మరొక వ్యవస్థలోకి యథాతథంగా చొరబడకుండా మధ్యలో దుభాషిని నిలపడమే ఇది. మన పేర్లనే చూడండి. ఆంధ్రలో పేరుకు ముందుండే పొడి అక్షరం ఇంటిపేరుది. తమిళనాట అది సాధారణంగా తండ్రి పేరుది. ఒక రాష్ట్రపు దరఖాస్తులో ‘ఇనిషియల్’ అన్న గడిని మరొక రాష్ట్రపు గడితో నేరుగా జతపరిస్తే, ఒకే మనిషి ఇద్దరుగా నమోదవుతాడు, లేదా ఇద్దరు అన్నదమ్ముల బిడ్డలు ఒక్కరుగా కలిసిపోతారు. తరతరాలుగా ఇక్కడున్న తెలుగు కుటుంబాలలో తమిళ పద్ధతికి మారినవారూ ఉన్నారు; నిన్న వచ్చినవారు ఇంటిపేరుతో వస్తారు. అనువాదపు పొర రెండు అలవాట్లనూ తెలిసినదై ఉండాలి. అది అసలు పేరును చెరపకూడదు. పక్కన తన పాఠాన్ని రాసుకోవాలి. ఇది సాఫ్ట్‌వేర్‌లో చిన్న భాగమే గాని, కార్యాలయాల చుట్టూ పౌరుడిని తిప్పేది తరచుగా ఈ భాగమే.

పాత వ్యవస్థ నుంచి కొత్తదానికి మారే రీతిని గురించి కొద్దిగా చెప్పి ముందుకు సాగుదాం. తాటిచెట్టు మొవ్వులో పక్షి వేసిన మర్రి విత్తనం మొలిచి, ఊడలు దించి, ఏళ్లు గడిచాక తాటిని పూర్తిగా కప్పివేయడం మన పల్లెల్లో చూసిందే. మార్టిన్ ఫౌలర్ అటువంటి చెట్లను ఆస్ట్రేలియాలో చూసి, 2004లో ఒక నిర్మాణ రీతికి ‘స్ట్రాంగ్లర్’ అని పేరు పెట్టాడు. పాత సర్వర్ ముందు ఒక గేట్‌వేను నిలిపి, ఒక్కొక్క సేవనూ క్లౌడ్‌కు మళ్లిస్తూ పోవాలి. మధ్యకాలంలో ఒకే ఆస్తి పన్ను ఖాతాను పాతదీ కొత్తదీ రెండూ మార్చగలిగితే ఆ లెక్క ఎన్నటికీ కుదరదు. ఏ దస్త్రానికి ఏది యజమానియో తేదీతో సహా నిర్ణయించాలి.

ఇక అన్నిటికన్నా కఠినమైనది: లింకు తెగినప్పుడు ఏం జరగాలి? ఎవరూ అడగకపోతే ఈ ప్రశ్నకు ప్రోగ్రామే ఏదో ఒక సమాధానం చెప్పేస్తుంది. చాలాసార్లు ఆ సమాధానం ‘లేదు’ అన్నదే.

నలుగురున్న కుటుంబానికి మనిషికి 5 కిలోల చొప్పున నెలకు 20 కిలోల బియ్యం రావాలనుకుందాం. ఇద్దరు చిన్నమనూరులో, ఇద్దరు ఆంధ్రలోని సొంత ఊళ్లో ఉన్నారు. ఇక్కడివారు కొంత తీసుకుంటే, మిగిలినది అక్కడివారు తీసుకోవచ్చును. ఇక్కడి దుకాణంలోని యంత్రం ‘10 కిలోలు ఇచ్చాను’ అని కబురు పంపింది. కబురు చేరింది, జవాబు దారిలో పోయింది. యంత్రం మళ్లీ పంపింది. అవతలి సర్వర్ దానిని కొత్త కబురుగా భావిస్తే ఖాతాలో 20 కిలోలూ అయిపోతాయి. సొంత ఊళ్లో ముసలి తల్లిదండ్రులు ఖాళీ సంచితో తిరిగి వెళతారు. దీనికి విరుగుడు ప్రతి లావాదేవీకీ యంత్రమే ముందుగా ఒక సంఖ్య ఇవ్వడం. అదే సంఖ్య ఎన్నిసార్లు వచ్చినా లెక్కలో ఒక్కసారే పడాలి. ఈ గుణాన్ని ఐడెంపొటెన్సీ అంటారు.

యంత్రాలు అదే పనిగా మళ్లీ మళ్లీ అడగడం మరొక చిక్కు. నెల మొదట్లో రద్దీకి అలసిన సర్వర్‌ను వేల యంత్రాలు ఎడతెగక పిలిస్తే అది లేవనే లేవదు. మైకేల్ నైగార్డ్ 2007లో వివరించిన ‘సర్క్యూట్ బ్రేకర్’ ఇంట్లోని ఫ్యూజు వంటిది: కొన్ని విఫలయత్నాల తరువాత పిలవడం ఆపి, కొంతసేపాగి ఒక్క కబురుతో పరీక్షించి చూస్తుంది.

ఆపిన ఆ కాసేపట్లో దుకాణం ముందు నిలబడినవారి సంగతి ఏమిటి? లింకు తెగినప్పుడు లెక్క తప్పకుండా చూసుకోవడం, సేవ ఆగకుండా చూసుకోవడం రెండూ ఒకేసారి పూర్తిగా సాధ్యం కావని 2000లో ఎరిక్ బ్రూవర్ ప్రతిపాదించాడు. తరువాత అది గణితపరంగా నిరూపితమైంది. కాబట్టి ఒకదాన్ని ఎంచుకోవాలి. బ్యాంకులో పెద్ద మొత్తం విషయమైతే ‘ఆగండి’ అనవచ్చును. బియ్యం విషయంలో అలా అనడం న్యాయం కాదని నా అభిప్రాయం. వేలిముద్ర పడలేదనో, నెట్‌వర్క్ లేదనో అర్హులకు ధాన్యం నిరాకరించరాదని కేంద్ర ఆహార శాఖ 2017లోనే రాష్ట్రాలకు సూచించింది. ఆ సూచన కాగితం మీద ఉంటే చాలదు, ప్రోగ్రాములో ఉండాలి. లింకు లేని వేళ యంత్రం తన వద్దనున్న చివరి వివరాలను బట్టి కనీసం కొంత భాగమైనా ఇవ్వాలి. ఇచ్చిన బరువు, సమయం, లావాదేవీ సంఖ్య తనలో భద్రపరచుకొని, లింకు రాగానే వరుసక్రమంలో పంపాలి.

అలా చేస్తే ఎప్పుడో ఒకసారి రెండు ఊళ్లలోనూ ఇచ్చి, 20కి బదులు 25 కిలోలు పోయి ఉండవచ్చును. ఆ 5 కిలోలను మరుసటి నెలలో తగ్గించడమా, ప్రభుత్వమే భరించడమా అన్నది విధాన నిర్ణయం. ప్రోగ్రామర్ ఒంటరిగా తీసుకోదగినది కాదు. కాని ఆ తేడాను నమోదు చేసే గడి దస్త్రంలో మొదటి రోజు నుంచీ ఉండాలి. అది లేకపోతే దుకాణదారుడు ఆ లోటును తన జేబు నుంచి పూడ్చుకోవలసి వస్తుంది. మరుసటిసారి లింకు తెగిన రోజున అతడు తలుపు దించేస్తాడు.