ఛాయాచిత్రముపై హక్కు ప్రకటన

వార్షికోత్సవమున గురువుగారి కెమెరాతో విద్యార్థి తీసిన చిత్రమునకు కర్త ఆ విద్యార్థియే. 1957వ సంవత్సరపు భారత కాపీరైటు చట్టము ప్రకారము హక్కు చిత్రముతోడనే పుట్టును, నమోదు అక్కరలేదు. అట్లయిన పేరు వ్రాయుట యెందులకు? చూచినవారు కర్త నెరిగి అనుమతి కోరుటకు.

విద్యార్థులారా, గింప్ అను ఉచిత సాఫ్ట్‌వేరులో చిత్రపు నకలును తెరువుడు; అసలును ముట్టరాదు. అక్షరముల పనిముట్టుతో ఒక మూలయందు వలయములోని సీ గుర్తును, సంవత్సరమును, పేరును వ్రాయుడు. ఆ వ్రాత వేరొక పొరపై నిలుచును గనుక దాని గాఢతను తగ్గింపవచ్చును. చిత్రమునకడ్డముగా పెద్ద అక్షరములు వ్రాయువారు దొంగను ఆపుదురేమో గాని చూపరిని గూడ తరుముదురు. పిమ్మట జేపెగ్‌గా ఎగుమతి చేయవలెను.

మూలను కత్తిరించుట సులభము. కావున ఫైలు లోపలి మెటాడేటాయందు కాపీరైటు గడిలోను అదే ప్రకటనను చేర్చుడు. వాట్సాప్‌లో ఫొటోగా పంపినయెడల ఆ లోపలి వ్రాత తొలగిపోవును; అప్పుడు మూలనున్న పేరే మిగులును.