పియానో స్వభావము – ఏకవాద్య రచన

పియానో యనగానే మనకు 88 మెట్లును, ఇనుప చట్రమును గల నేటి వాద్యమే స్ఫురించును. కాని పూర్వపు పియానోల నాదము ఒక్కొక్కదానికి ఒక్కొక్క తీరున నుండెడిది. వాద్యముయొక్క స్వభావమే రచయితకు దారి చూపునని మేమీ వ్యాసమున నిరూపింపదలచితిమి. ఇందులకు జర్మను దేశీయుడగు బేథోవెను (1770–1827) చరిత్రము చక్కని నిదర్శనము.

సుమారు 1700 సంవత్సరమున ఇటలీ దేశమందలి ఫ్లోరెన్సు నగరమున క్రిస్టోఫొరి యనునాతడు పియానోను నిర్మించెను. ఇందు తీగను సుత్తి కొట్టును గనుక, వ్రేలి బలమును బట్టి నాదము హెచ్చుతగ్గులు పొందును.

బేథోవెను యౌవనమున వియన్నాలో వాయించిన పియానోలకు ఐదు స్థాయిలే యుండెను. చట్రము కొయ్యది, సుత్తులు చిన్నవి, వానికి తోలు తొడుగు. నాదము స్పష్టమే కాని, వీణపై మీటిన స్వరమువలె త్వరలో క్షీణించెడిది. సొనాటా యనగా పలు భాగములు గల వాద్యకృతి. 1801లో రచించిన సొనాటా యొకదానికి పిమ్మటివారు 'వెన్నెల' యని పేరిడిరి. దాని మొదటి భాగమునంతయు, తీగల నణచు మెత్తలను పైకెత్తియే వాయింపవలెనని యాతడు వ్రాసెను. పాత స్వరము సన్నగిల్లుచుండగా క్రొత్తది దానిపై వ్రాలి, మంచుతెర వంటి ధ్వని కలిగెడిది. నేటి పియానోపై నాదము చాలసేపు నిలుచును. అందుచే ఆ యాజ్ఞను యథాతథముగ పాటించినచో స్వరములు కలగాపులగమగును.

1803లో పారిసునుండి ఐదున్నర స్థాయిల ఎరార్డు పియానో యాతనికి వచ్చెను. మెట్ల బరువు నచ్చక తేలికపరపింప యత్నించెను గాని, 'అపాషనాటా' సొనాటాలో దాని పై కొస మెట్టు వరకును పోయెను.

1818లో లండనునుండి బ్రాడ్‌వుడ్డు వారు కానుకగా పంపిన ఆరు స్థాయిల పియానో చేరెను. దాని నాదము గంభీరము. కాని యప్పటికే బేథోవెనునకు వినికిడి చాలవరకు పోయెను! అయినను 1820–1822 నడుమ తన కడపటి మూడు సొనాటాలను రచించెను. ఏండ్ల తరబడి చెవియొగ్గి వినిన నాదములు మనస్సున నిలిచియుండుటచేతనే యిది సాధ్యమయ్యెనని మేము తలంతుము.

కావున విద్యార్థులారా, రచనకు పూనుకొనుటకు ముందు మీకు దొరికిన వాద్యమును పరీక్షింపుడు. ఒక మెట్టును నొక్కిపట్టి, నాదము నశించువరకు లెక్కింపుడు. మంద్రమున అది చాలసేపు నిలుచును. తారమున త్వరగా నశించును. నిలుచుచోట దీర్ఘస్వరములను, నశించుచోట చిన్న స్వరములను కూర్పుడు. మంద్రమున దగ్గరి స్వరములను ఒక్కసారి మ్రోగించినచో ధ్వని మసకబారును. వాని నడుమ ఎడము విడువుడు. పాత వాద్యమున ఒక స్వరము బొంగురుగ నున్నచో, వెంటనే త్రోసివేయక, అది పాటకే రంగు నిచ్చునో పరికింపుడు.

మొదట వినుట, పిదప వ్రాయుట: ఈ క్రమమును మరువకుందురు గాక.