తెర మీది తెలుగు

1975 ఆగస్టు 1వ తేదీన మన దేశంలోని సుమారు 2,400 గ్రామాలలో ఒక కొత్త ప్రయోగం మొదలయింది. వాటిలో చాలా గ్రామాలు అంతవరకు టెలివిజన్‌ను చూసి ఎరుగవు. ఊరిలో నలుగురూ చేరే చోట ఒక టెలివిజన్ పెట్టెను అమర్చారు. దానికి తోడుగా ఆరుబయట కోళ్ల గూడుకు వాడే తీగవల వంటి దానితో చేసిన పది అడుగుల వెడల్పుగల గొడుగును నిలిపారు. విద్యుత్తు లేని గ్రామాలలో పెట్టెను బ్యాటరీతో నడిపారు. ఆకాశంలో ముప్పయి ఆరు వేల కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఒక అమెరికా ఉపగ్రహం నుంచి బొమ్మ, మాట నేరుగా ఆ గొడుగు మీదికి దిగి వచ్చేవి. ఉదయం బడి పిల్లలకు, సాయంత్రం పెద్దలకు కార్యక్రమాలు వచ్చేవి. దీనికే ‘సైట్’ అని పేరు. విక్రమ్ సారాభాయి కన్న కలలలో ఇది ఒకటి. ఆయన 1971లోనే కన్నుమూయడం వల్ల దీనిని చూడలేకపోయారు.

ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒడిశా, బీహార్, మధ్యప్రదేశ్, రాజస్థాన్ రాష్ట్రాలలో ఈ ప్రయోగం సరిగ్గా ఒక సంవత్సరం నడిచింది. కార్యక్రమాలు హిందీ, తెలుగు, కన్నడం, ఒడియా భాషలలో ఉండేవి. అయితే ఏ గ్రామానికి ఏ భాష వినిపించాలో రాష్ట్రాన్ని బట్టి నిర్ణయమయింది. ఆంధ్రప్రదేశ్ పల్లెకు తెలుగు, కర్ణాటక పల్లెకు కన్నడం, ఒడిశా పల్లెకు ఒడియా. తమిళనాడు, మహారాష్ట్ర ఆ జాబితాలో లేనేలేవు. ఇంట్లో తెలుగు, వీధిలో మరొక భాష మాట్లాడే పిల్లలకు ఆ పెట్టెలో తమ ఇంటి భాషను ఎంచుకొనే వీలు లేదు. ఇందులో ఎవరినీ తప్పు పట్టడానికి లేదు. ఒక చిత్రంతోపాటు రెండు ధ్వనులను మాత్రమే పంపగల ఉపగ్రహం అది. కాని పాఠం ఎంత దూరం నుంచి వచ్చినా రాష్ట్రం ఎల్ల దగ్గర ఆగిపోయిందన్న మాట నిజం.

నేడు ఆ ఎల్ల చాలావరకు చెరిగిపోయింది. బళ్లారిలోనో, హోసూరులోనో, బరంపురంలోనో, షోలాపూరులోనో, యానాంలోనో ఉన్న తెలుగు తరగతి ఏ ప్రాంతపు తెలుగు పాఠాన్నయినా తెర మీదికి పిలిపించుకోవచ్చు. ఈ పని చేసే సాధనాలలో అతి చిన్నది పాఠ్యపుస్తకంలో పాఠం పక్కన కనిపించే నల్లని గడుల చదరం. దీనిని క్యూఆర్ కోడ్ అంటారు.

ఈ చదరం బడి కోసం పుట్టినది కాదు. 1994లో జపాను దేశంలోని డెన్సో వేవ్ సంస్థలో మసహిరో హారా అనే ఇంజనీరు, ఆయన సహచరులు మోటారు వాహనాల విడిభాగాలను గుర్తించడానికి దీనిని రూపొందించారు. అంతకుముందున్న గీతల గుర్తులో ఇరవై అక్షరాల పాటి సమాచారమే పట్టేది. గీతలను అడ్డంగా మాత్రమే చదవగలం. చదరాన్ని అడ్డంగా, నిలువుగా కూడా చదవవచ్చు కనుక అందులో వేల అంకెలు పడతాయి. మూడు మూలలలో ఉన్న పెద్ద చదరాలు ఎందుకు? పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకున్నా ఏది పైభాగమో ఫోను గుర్తించడానికి. అన్నిటికంటే చిన్న కోడులో వరుసకు 21 గడుల చొప్పున 21 వరుసలు ఉంటాయి. దిద్దుబాటు సామర్థ్యం గరిష్ఠంగా ఉండేటట్లు తయారుచేసిన కోడు నూటికి ముప్పయి వంతుల వరకు చెడినా చదవడానికి వీలవుతుంది. సిరా మరక పడిన పుస్తకంలోని కోడు ఒక్కొక్కప్పుడు పనిచేయడానికి కారణం ఇదే.

ఆ చదరంలో పాఠం ఉండదు. పాఠం ఉన్న చోటు మాత్రమే ఉంటుంది. ఫోను ఆ చోటుకు వెళ్లి వీడియోనో, ధ్వనినో, అభ్యాసాన్నో తెస్తుంది. మహారాష్ట్రలోని షోలాపూరు జిల్లా ఉపాధ్యాయుడు రంజిత్‌సింహ్ డిసలే పాఠ్యపుస్తకాలలో ఇటువంటి కోడులను ముందుగా వాడిన వారిలో ఒకరు. ఆయనకు 2020లో ‘గ్లోబల్ టీచర్ ప్రైజ్’ లభించింది. బహుమతి సొమ్ములో సగాన్ని తుది పోటీలో నిలిచిన తక్కిన తొమ్మిది మంది ఉపాధ్యాయులకు పంచి ఇచ్చారు. 2017 సెప్టెంబరు 5న ప్రారంభమయిన ‘దీక్ష’ వేదిక కూడా పుస్తకాలలోని కోడుల ద్వారానే పాఠాలను అందిస్తుంది. కోడు దగ్గర ముద్రించిన ఆరు అక్షరాల గుర్తును టైపు చేసినా అదే పాఠం వస్తుంది. కెమెరా పాడయిన ఫోను ఉన్నవారికి ఇది ఉపయోగం.

సాధనం ఉన్నంత మాత్రాన పాఠం వచ్చినట్లు కాదు. గుండె నుంచి రక్తం బయలుదేరి తిరిగి గుండెకు చేరే తీరును నల్లబల్ల మీద గీయడం కష్టం. కదిలే బొమ్మలో అది ఒక్క నిమిషంలో తెలుస్తుంది. అయితే అరగంట వీడియోను మొదటి నుంచి చివరి దాకా నడిపితే తరగతి సినిమా హాలు అవుతుంది. అనుభవంగల ఉపాధ్యాయుడు దానిని మధ్యలో ఆపుతాడు. “ఇప్పుడు ఈ రక్తం ఎక్కడికి పోతుంది?” అని అడుగుతాడు. పిల్లలు జవాబు చెప్పిన తరువాతనే ముందుకు నడుపుతాడు. సంకేతం సరిగా అందని ఊళ్లలో ముందురోజే పాఠాన్ని దించి ఉంచుకోవడం మేలు. చేతిరాత, ఎక్కాలు వంటివి మాత్రం తెర లేకుండానే బాగా వస్తాయి.

పరభాషా ప్రాంతంలోని తెలుగు తరగతికి మరొక ప్రయోజనం ఉంది. ఇక్కడి విద్యార్థికి తెలుగు వినిపించే చోట్లు తక్కువ. పద్యం చదివేటప్పుడు ఎక్కడ విరవాలో, ఎక్కడ సాగదీయాలో చెవితోనే తెలియాలి. మంచి గొంతుతో చదివిన పద్యాన్ని రెండుసార్లు విని, తరువాత విద్యార్థి తానే చదివి ఫోనులో రికార్డు చేసుకొని వింటే ‘ల’కు ‘ళ’కు, ‘న’కు ‘ణ’కు గల తేడాను తన గొంతులోనే పట్టుకోగలుగుతాడు. ఈ పనికి ఇంటర్నెట్ కూడా అక్కరలేదు.

నిఘంటువు సంగతి ఇంకా ముఖ్యమయినది. పరభాషా ప్రాంతాలలోని పిల్లలు ఇంట్లో వాడే మాట పుస్తకంలో కనబడకపోతే అది తప్పేమోనని సిగ్గుపడడం తరచు జరుగుతుంది. పై అంతస్తు ఉన్న ఇంటిని కొందరు ‘మేడ’ అంటారు, కొందరు ‘డాబా’ అంటారు. హోసూరు వైపు పిల్లవాడు ‘మిద్దె’ అంటాడు. సి.పి. బ్రౌన్ 1852లో ప్రచురించిన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ‘ఆంధ్రభారతి’ అనే చోట అనేక తెలుగు నిఘంటువులను ఒకేసారి వెతకవచ్చు. అక్కడ ‘మిద్దె’ అని వెతికి చూస్తే ఆ మాట నూటడెబ్బయి ఏళ్ల కిందటే నిఘంటువుకు ఎక్కిందని తెలుస్తుంది. ‘తావు’ కూడా అటువంటిదే. అవ్వ నోట విన్న మాటను పెద్ద పుస్తకంలో చూసిన పిల్లవాడు ఆ మాటను మరునాడు తరగతిలో జంకు లేకుండా పలుకుతాడు.

ఇలా వెతకడానికి తెలుగు అక్షరాలను టైపు చేయడం రావాలి. ఒకప్పుడు ఇది పెద్ద చిక్కు. ఒక కంప్యూటరులో ఒక రకం ఫాంటుతో రాసిన తెలుగు మరొక కంప్యూటరులో అర్థంలేని రోమను అక్షరాల గుంపుగా కనిపించేది. అక్షరానికి లోపల ఇచ్చే అంకె ఫాంటు ఫాంటుకూ మారడమే దానికి కారణం. ప్రపంచ భాషల అక్షరాలన్నిటికీ స్థిరమయిన సంఖ్యలు ఇచ్చే యూనికోడ్ 1991లో వెలువడింది. అందులో తెలుగుకు 3072 నుంచి 3199 వరకు 128 స్థానాలు కేటాయించారు. ‘క’ సంఖ్య 3093. పొల్లు గుర్తు సంఖ్య 3149. ‘క్క’ అని రాస్తే యంత్రం 3093, 3149, 3093 అని దాచుకుంటుంది. క కింద క వత్తును అందంగా చూపడం ఫాంటు పని. యానాంలో టైపు చేసిన మాట షోలాపూరులో అదే మాటగా కనిపించడానికి ఈ సంఖ్యలే ఆధారం.

టైపు చేసే పద్ధతులు అనేకం. రోమను అక్షరాలలో కొడితే తెలుగులోకి మార్చే పద్ధతి సులువుగా కనిపిస్తుంది కాని, అందులో మాటను ముందు ఇంగ్లీషు వర్ణక్రమంలో ఊహించుకోవలసి వస్తుంది. మొదటి నుంచి నేర్చుకొనేవారికి ‘ఇన్‌స్క్రిప్ట్’ మేలు. అందులో అచ్చులు ఎడమచేతి వైపు, హల్లులు ముఖ్యంగా కుడిచేతి వైపు ఉంటాయి. భారతీయ భాషలకు వరుస దాదాపు ఒకటే. తెలుగులో ‘క’ వచ్చే మీటతోనే కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ ‘క’లు కూడా వస్తాయి. రెండు లిపులు ఎలాగూ నేర్వవలసిన విద్యార్థికి ఒక్క మీటల పలకతో రెండూ చేతికి వస్తాయి. ఈ సౌకర్యం ఒకే లిపితో సరిపెట్టుకొనే వారికంటే ఇతనికే ఎక్కువ.

తెర మీద కనిపించిన ప్రతి తెలుగు వాక్యమూ మంచి తెలుగు కాదు. ఇంగ్లీషు నుంచి యంత్రం మార్చిన వాక్యాలు నేడు విరివిగా ఉన్నాయి. వాటిలో కొన్ని చక్కగా ఉంటాయి, కొన్ని నోటితో పలికి చూస్తే మన వాక్యంలా ఉండవు. సమాచారం విషయంలోనూ ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, మరొక చోట అదే ఉందా అని చూడడం అవసరం.

2003 డిసెంబరులో ప్రారంభమయిన తెలుగు వికీపీడియాలో ఎవరయినా రాయవచ్చు, దిద్దవచ్చు. ఎవరు ఏమి మార్చారో పేజీ చరిత్రలో నిలిచి ఉంటుంది. పరభాషా ప్రాంతపు తరగతికి ఇది మంచి అభ్యాసం. తమ ఊరి పేజీ తెలుగులో ఉందేమో వెతకాలి. లేకపోయినా, రెండు వాక్యాలతో ఆగిపోయినా, గ్రంథాలయంలోని జిల్లా చరిత్రను, జనాభా లెక్కల పుస్తకాన్ని ముందు పెట్టుకొని చిత్తుప్రతి రాయాలి. ప్రతి విషయానికీ ప్రచురితమయిన ఆధారం చూపాలి. అవ్వ చెప్పిన సంగతి ఎంత విలువయినదయినా అక్కడికి పనికిరాదు. దానిని ఆమె అనుమతితో ఆమె గొంతులోనే రికార్డు చేసి, తేదీ, ఊరు రాసి బడిలో భద్రపరచుకోవచ్చు. చిత్తుప్రతిని ఉపాధ్యాయుడు చూసిన తరువాత ఒకరు టైపు చేస్తారు, ఇద్దరు తప్పులు చూస్తారు. మొదటి వాక్యంలో ఊరి పేరు, తాలూకా, జిల్లా సరిగా ఉంటే చాలు. మిగిలినది మరుసటి ఏడాది తరగతివారు చేరుస్తారు.