వెన్నపండు సాగు: సిఫారసుకు ముందు పరిశీలించవలసిన అంశాలు

వెన్నపండుగా, అవకాడోగా వ్యవహరించే పర్సియా అమెరికానా లారేసి కుటుంబానికి చెందిన సతతహరిత వృక్షం. మన వంటింటి దాల్చినచెక్క, బిర్యానీ ఆకు చెట్లు దీనికి బంధువులు. మెక్సికో, మధ్య అమెరికా దీని జన్మస్థానం. ఇరవయ్యవ శతాబ్దపు తొలినాళ్లలో శ్రీలంక మీదుగా మన దేశానికి వచ్చి కొడగు, వాయనాడు, దిగువ పళని కొండలు, సిక్కిం వంటి చల్లని ప్రాంతాలలో, చాలావరకు కాఫీ తోటల మధ్య, పెద్దగా ఎవరి దృష్టిలోనూ పడకుండా పెరిగింది. బెంగళూరు పండ్లరసాల దుకాణాలలో పాలు, చక్కెర కలిపి ఇచ్చే ‘బటర్ ఫ్రూట్’ ఇదే. నేడు నగరాలలో దీనికి గిరాకీ పెరగడంతో మైదాన ప్రాంతాల రైతులు కూడా అంటుమొక్కల కోసం ఆరా తీస్తున్నారు. వారి ప్రశ్న సాధారణంగా ‘ఏ రకం?’ అన్నదే. విస్తరణ శాస్త్రవేత్త ముందుగా అడగవలసినది మాత్రం ‘ఏ నేల?’ అని.

మార్కెట్టు కోరుతున్న రకం హాస్. కాలిఫోర్నియాలోని లా హాబ్రా హైట్స్‌లో రుడాల్ఫ్ హాస్ అనే తపాలా ఉద్యోగి 1926లో నాటిన ఒక విత్తనం నుంచి ఇది పుట్టింది. ఆ మొలకపై వేరే రకాన్ని అంటుకట్టే ప్రయత్నాలు విఫలం కాగా చెట్టును అలాగే వదిలేశారు. 1935లో దానికి పేటెంటు లభించింది. తోలు మందంగా ఉండి రవాణాకు తట్టుకోవడం, పండినప్పుడు ఆకుపచ్చ నుంచి నల్లని ఊదారంగుకు మారి వినియోగదారుకు పక్వత తెలియజేయడం దీని బలాలు. గింజ పురుగుల భయంతో 1914 నుంచి మెక్సికో పండ్లను నిషేధించిన అమెరికా 1997లో ఆంక్షలను సడలించడం మొదలుపెట్టాక మిచోవకాన్ రాష్ట్రపు తోటలు విపరీతంగా విస్తరించాయి. అక్కడి పైన్ అడవులు ఇందుకు మూల్యం చెల్లించాయి.

ఈ విజయగాథలో తరచుగా విస్మరణకు గురయ్యేది మిచోవకాన్ నేల. అక్కడి తోటలు ఎత్తైన కొండవాలులపై, లోతైన అగ్నిపర్వత మృత్తికలలో ఉన్నాయి. ఎంత వర్షం కురిసినా నీరు నిలవదు. అవకాడో వేరు అటువంటి నేలకు అలవాటుపడినది. ఆహారం తీసుకునే వేళ్లు అత్యధికంగా పై 60 సెంటీమీటర్లలోనే ఉంటాయి. వేరు నూగు దాదాపు ఉండదు. ఆక్సిజన్ కొరతను ఇవి సహించలేవు. రెండు మూడు రోజులు నీరు నిలిచినా సన్నని వేళ్లు చనిపోవడం ఆరంభమవుతుంది. ఆ స్థితిలో ఫైటోఫ్తోరా సిన్నమోమి అనే శిలీంధ్రసదృశ జీవి దాడిచేసి వేరుకుళ్లు కలిగిస్తుంది. ఆకులు చిన్నవై పాలిపోవడం, కొమ్మలు పైనుంచి ఎండిపోవడం దీని లక్షణాలు. నేల తడిగా ఉన్నా చెట్టు వాడిపోయినట్లు కనిపించడంతో రైతు మరింత నీరు పెడతాడు, నష్టం రెట్టింపవుతుంది. హాస్ మాతృవృక్షం కూడా చివరకు వేరుకుళ్లుతోనే 2002లో మరణించింది.

కాబట్టి నల్లరేగడి భూములకు, మాగాణులకు, అడుగున గట్టిపొర ఉన్న చెల్కలకు ఈ పంటను సిఫారసు చేయరాదు. ఉదజని సూచిక 5 నుంచి 6.5 వరకు ఉండి, మురుగునీరు తేలికగా పోయే ఎర్ర గరప నేలలు అనుకూలం. అక్కడ కూడా ఎత్తు మట్టికట్టలపై నాటి, పాదులో ముతక సేంద్రియ ఆచ్ఛాదన మందంగా పరచాలి. కుళ్లుతున్న ఆ పొరలోని సూక్ష్మజీవులు రోగకారకాన్ని కొంతవరకు అణచివేస్తాయి. ఆచ్ఛాదన కాండానికి తగలకూడదు. ఫాస్ఫోనేట్‌ను కాండంలోకి ఎక్కించే చికిత్స 1980 దశకంలో ఆస్ట్రేలియాలో రూపొందింది. అది చెట్టును నిలబెట్టగలదు గాని నేలను శుద్ధి చేయలేదు. ఈ తెగులు నర్సరీ సంచి మట్టితోనే తోటలోకి ప్రవేశిస్తుంది. మొక్క కొనేటప్పుడు సంచి విప్పి వేళ్లు చూడాలి: తెల్లగా ఉంటే మంచివి, నల్లగా పెళుసుగా ఉంటే తిరస్కరించాలి. బోరు నీటిలో క్లోరైడు అధికమైతే ఆకు కొసలు మాడతాయి. ఈ విషయంలో వెస్టిండియన్ జాతి వేరుమూలాలు మెక్సికన్ జాతి కంటే మెరుగు.

జాతుల భేదం ఉష్ణోగ్రత విషయంలోనూ కీలకమే. మెక్సికన్, గ్వాటెమాలన్ జాతులు కొండప్రాంతాలవి. వెస్టిండియన్ జాతి వేడి లోతట్టు ప్రాంతాలకు తట్టుకుంటుంది, కాని కొవ్వు తక్కువ. హాస్‌లో గ్వాటెమాలన్ లక్షణాలే ప్రధానం. పిందె దశలో పగటి ఉష్ణోగ్రత 33 డిగ్రీలను మించితే పిందెలు విస్తారంగా రాలుతాయి. తెలుగు రాష్ట్రాల మైదానాలలో ఫిబ్రవరి చివరి నుంచే ఈ పరిమితి దాటుతుంది. తోటలో చెట్టు ఏపుగా పెరగడం ఒక్కటే సాగు విజయానికి నిదర్శనం కాదు. అరకు, పాడేరు, చింతపల్లి కొండవాలులలో కాఫీకి తోడుగా నాటడం ఇంతకంటే హేతుబద్ధం. అక్కడ దక్షిణాది పరిస్థితులలో ఎంపికైన టికెడి-1, అర్క సుప్రీమ్ వంటి రకాలను హాస్‌తో పోల్చి చూడాలి.

పుష్పించే తీరు విచిత్రమైనది. ప్రతి పువ్వూ రెండుసార్లు విచ్చుకుంటుంది: మొదట స్త్రీ దశలో, మరునాడు పురుష దశలో. హాస్ వంటి ‘ఎ’ తరగతి రకాలలో స్త్రీ దశ ఉదయం, పురుష దశ మరునాటి మధ్యాహ్నం. ఫ్యూర్టే, బేకన్ వంటి ‘బి’ తరగతిలో స్త్రీ దశ మధ్యాహ్నం, పురుష దశ మరునాటి ఉదయం. వాతావరణాన్ని బట్టి ఈ దశలు కొంత కలిసిపోవడం వలన ఒకే రకం తోట కూడా కాస్తుంది. అయినా రెండు తరగతులనూ కలిపి నాటి, తేనెటీగలను పెంచడం మేలు. లక్షల పూలలో వెయ్యికి ఒకటి రెండు కాయలుగా నిలిచినా అది మంచి కాపే. అంటుమొక్కలు మూడు నాలుగేళ్లకు కాపుకు వస్తాయి. విత్తనపు మొక్కలకు అంతకు రెట్టింపు కాలం పట్టవచ్చు, పైగా తల్లి గుణాలు రావు.

కాయ చెట్టు మీద పండదు. కోసిన తరువాతనే మెత్తబడుతుంది. ముందుగా కోసిన కాయ రబ్బరులా సాగి, ముడతలు పడి, కొన్న వ్యక్తిని మళ్లీ కొననివ్వదు. పక్వతకు కొలమానం గుజ్జులోని ఘనపదార్థ శాతం. కాలిఫోర్నియాలో హాస్‌కు కనీసం 20.8 శాతం ఉండాలి. తూచిన గుజ్జును మైక్రోవేవ్ ఓవెన్‌లో బరువు స్థిరపడేవరకు ఆరబెట్టి, మళ్లీ తూచి ఈ శాతాన్ని లెక్కకట్టవచ్చు. కృషి విజ్ఞాన కేంద్రాలు కోతకు ముందు ప్రతి తోట నుంచి పది కాయలు తీసుకుని ఈ పరీక్ష చేయవచ్చు.