కిలోమీటర్లు పెరిగినా గంటలు తగ్గుతాయి

ప్రశ్న: ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు దాదాపు 12,400 కిలోమీటర్లు. విమానం గంటకు 900 కిలోమీటర్లు పోతే 14 గంటల్లోపే దిగాలి కదా? టికెట్టు మీద అంతకన్నా ఎక్కువ ఎందుకుంటుంది?

జవాబు: మీ భాగహారం సరైనదే. కానీ 12,400 అనేది భూగోళం మీద రెండు ఊళ్లను కలిపే అతి దగ్గరి గీత మాత్రమే, విమానం అచ్చంగా దాని మీదే పోదు. ఆ 900 కూడా చుట్టూ ఉన్న గాలితో పోల్చి చెప్పే వేగం. గాలి వెనక నుంచి తోస్తే నేలతో పోల్చి చూసే వేగం పెరుగుతుంది, ఎదురొస్తే తరుగుతుంది. పది కిలోమీటర్ల ఎత్తున జెట్ స్ట్రీమ్ పడమటి నుంచి తూర్పుకు బలంగా వీస్తుంది. 2016 అక్టోబరులో ఎయిరిండియా ఇదే సర్వీసును 13,900 కిలోమీటర్ల అట్లాంటిక్ దారి మాన్పించి, 15,300 కిలోమీటర్ల పసిఫిక్ దారిన తూర్పుకు నడిపింది. దూరం 1,400 కిలోమీటర్లు పెరిగింది. అయినా పద్నాలుగున్నర గంటల్లో చేరింది! భాగించి చూడండి, గంటకు సుమారు 1,055 వస్తుంది. మీరనుకున్న 900 మీద పెరిగిన ఆ వేగం గాలి చలవే. పాత దారిలో అదే గాలి ఎదురయ్యేది.

భూమే తూర్పుకు తిరుగుతోంది కాబట్టి అటు వెళ్లేవారికి ఆలస్యం కావాలి కదా అని కొందరు వాదిస్తారు. వాతావరణమూ భూమితోపాటే తిరుగుతుంది గనుక ఆ వాదన నిలవదు. ఇక మీ టికెట్టు సమయంలో విమానం రన్‌వే దాకా నడిచే నిమిషాలూ కలిసే ఉంటాయి. దిగే వేళ అక్కడి గడియారం ప్రకారం వేస్తారు. అది మనకన్నా వేసవిలో పన్నెండున్నర గంటలు, చలికాలంలో పదమూడున్నర గంటలు వెనక.