నివురు కింది నిప్పు

పొయ్యి ఆరిందనుకుంటాం. పుల్లతో బూడిద కదిలిస్తే లోపల నిప్పు ఉంటుంది. నివురు కప్పినంతసేపు అది ఎవరినీ కాల్చదు. గాలి తగిలితే మండుతుంది. క్షయ జబ్బు కూడా ఇట్లాంటిదే.

క్షయను మనం టీబీ అంటాం. ఇది ఒక క్రిమి వల్ల వస్తుంది. ఊపిరితిత్తుల క్షయ ఉన్న మనిషి దగ్గితే ఆ క్రిమి గాలిలో కలుస్తుంది. ఆ గాలి పీల్చిన వాళ్ళ ఒంట్లో చేరుతుంది.

క్రిమి చేరిన వాళ్ళందరికీ జబ్బు వస్తుందా? రాదు. నూటికి 5 నుంచి 10 మందికే వస్తుంది. మిగిలిన వాళ్ళలో క్రిమి నిద్రపోతుంది. వాళ్ళకు దగ్గు ఉండదు, జ్వరం ఉండదు. వాళ్ళ నుంచి ఎవరికీ అంటదు. కానీ తిండి చాలకపోయినా, షుగరు జబ్బు వచ్చినా నిద్రపోయే క్రిమి లేవవచ్చు.

క్రిమి నిద్రలో ఉందా, లేచిందా? ఇది తెలియడం చాలా ముఖ్యం. జబ్బు ఉన్నవాళ్ళకు మొదట నాలుగు రకాల మందులు ఇస్తారు. మామూలుగా ఆరు నెలలు మింగాలి. క్రిమి నిద్రలో ఉంటే ఒకటి రెండు రకాలు చాలు. జబ్బు ఉన్న మనిషికి చాలీచాలని మందు ఇస్తే క్రిమి మొండికేస్తుంది.

మన రాయలసీమలో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం ఉంది. అక్కడ 1915లో క్షయ ఆసుపత్రి పెట్టారు. 1948లో మదనపల్లెలో బి.సి.జి. టీకాలు మొదలుపెట్టారు. టీకాకు ముందు చేతికి ఒక చిన్న సూది వేసేవాళ్ళు. ఆ చోట గట్టిగా ఉబ్బితే క్రిమి ఒంట్లో చేరిందని గుర్తు. అది నిద్రలో ఉందో లేచిందో మాత్రం ఆ సూది చెప్పలేదు.

ఇప్పుడు శాస్త్రవేత్తలు నెత్తురులో గుర్తులు వెతుకుతున్నారు. మన ఒంటి కణాల్లో జన్యువులు ఉంటాయి. ఏ పని ఎప్పుడు చేయాలో అవి కణాలకు చెబుతాయి. జబ్బు లేచినప్పుడు నెత్తురులోని తెల్లకణాలు క్రిమితో పోరాడతాయి. అప్పుడు కొన్ని జన్యువుల పని పెరుగుతుంది, కొన్నిటి పని తగ్గుతుంది. 2010లో లండన్, దక్షిణాఫ్రికా రోగుల నెత్తురులో ఇట్లాంటి 393 గుర్తులు చూశారు. 2016లో అమెరికా పరిశోధకులు మూడు జన్యువులతోనే జబ్బును గుర్తుపట్టవచ్చన్నారు. అయితే ఇది మన ఊరి ఆసుపత్రుల్లో మామూలుగా చేసే పరీక్ష కాదు.

మరి మనమేం చేయాలి? రెండు వారాలు దాటి దగ్గు ఉంటే ప్రభుత్వ ఆసుపత్రిలో గళ్ళ పరీక్ష చేయించుకోవాలి. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, గళ్ళలో నెత్తురు కూడా క్షయ గుర్తులే. పరీక్ష, మందులు ఉచితం. ఇంట్లో ఒకరికి జబ్బు ఉంటే అందరూ పరీక్ష చేయించుకోవాలి. జబ్బు లేదని తేలినవాళ్ళకు రాకుండా మాత్రలు ఇస్తారు.

కోడుమూరు పల్లెల నుంచి సుగ్గికి పోయే అక్కలారా! మందు మధ్యలో ఆపకండి. ఆసుపత్రిలో చెప్పి పోండి. పోయిన చోట కూడా మందు దొరుకుతుంది.

చెప్పండి:
1. క్రిమి నిద్రలో ఉన్న మనిషి నుంచి జబ్బు అంటుతుందా?
2. చేతికి వేసే సూది ఏం చెప్పలేదు?
3. మీ వీధిలో చాలా రోజులుగా దగ్గుతున్న వాళ్ళు ఉన్నారా? వాళ్ళకు మీరేం చెబుతారు?