టీచరుకు చెప్పని మాట

ప్రశ్న: జిల్లా పరిషత్ హైస్కూల్లో తొమ్మిదో తరగతికి క్లాస్ టీచర్ని. పిల్లల కౌన్సెలింగ్ కూడా మీరే చూసుకోండమ్మా అన్నారు మా హెడ్మాస్టరు గారు. పిల్లలకు నేనంటే ఇష్టమే. కానీ ఎన్నిసార్లు కదిపినా ‘ఏం లేదు టీచర్’ అంటారు. లోపం నాదేనా?
– ఒక ఉపాధ్యాయిని, పార్వతీపురం

జవాబు: మీదంటే నేను ఒప్పుకోను. మీరు కూర్చున్న కుర్చీ అలాంటిది. బిహార్‌లోని నలందా జిల్లాలో సంగాత్ సంస్థ పరిశోధకులు 74 ప్రభుత్వ హైస్కూళ్లను మూడు వాటాలు వేశారు. కొన్నింటిలో ‘సెహర్ మిత్ర’ పేరుతో బయటి మనిషిని పెట్టారు. ఆ మనిషి సైకాలజిస్టేమీ కాదు, డిగ్రీ చదివి శిక్షణ తీసుకున్నవారంతే. ఇంకొన్నింటిలో అదే పని అక్కడి టీచరుకే అప్పగించారు. మిగతా బడులను ఉన్నట్టే ఉంచారు. అసెంబ్లీలో చర్చలు, గోడ పత్రిక, గోడు రాసి వేసే పెట్టె, విడిగా కూర్చోబెట్టుకుని వినడం... రెండు చోట్లా చేయాల్సినవి ఇవే. విద్యా సంవత్సరం ముగిసేసరికి మిత్ర ఉన్న బడుల్లో పిల్లల దిగులు తగ్గింది, ఏడిపించడాలూ కొట్లాటలూ తగ్గాయి. టీచరే మిత్ర అయిన చోట చెప్పుకోదగ్గ తేడా లేదు. 2018లో లాన్సెట్ వైద్య పత్రికలో ఈ ఫలితాలు వచ్చాయి.

నాకైతే ఆశ్చర్యం వేయలేదు. పొద్దున హోంవర్కు చేయలేదని నిలబెట్టిన టీచరు దగ్గరికే మధ్యాహ్నం వెళ్లి, రాత్రి నాన్న తాగొచ్చి కొట్టాడని ఏ పిల్ల చెప్పుకుంటుంది? చెప్పుకుందామన్నా మీకు తీరికేదీ? సిలబస్ ఒక పక్క, యాప్‌లో ఎక్కించాల్సిన ఫోటోలు ఇంకో పక్క.

మీ హెడ్మాస్టరు గారికి ఒక సంగతి చెప్పండి. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న విద్యార్థిని మరణంపై విచారణలో 2025 జూలైలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలిచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో అర్హత గల కౌన్సెలరు కనీసం ఒకరుండాలని వాటిలో ఉంది. ఆ మనిషి వచ్చేదాకా ఈ తరగతికి పాఠం చెప్పని టీచరెవరైనా వినే పని తీసుకుంటే నయం. ఇది పరిశోధనలో తేలింది కాదు, నా ఊహ. పిల్ల అన్నం సగంలో లేచిపోవడం, ఉన్నట్టుండి వెనక బెంచీకి జరగడం మాత్రం ముందు మీ కంటే పడతాయి. ఆ కన్ను మూసుకోకండి.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఫస్టియర్, విజయవాడలో హాస్టల్లో ఉంటాడు. పోయిన ఆదివారం ఫోన్లో ‘నేను లేకపోతే మీకు ఫీజులు మిగులుతాయి’ అన్నాడు. చావు మాట మనం ఎత్తితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని మావారు వద్దంటున్నారు.
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, మీకు అదే రోజు విడిగా జవాబు పంపాం. ఇలాంటి మాట విన్న మిగతా అమ్మానాన్నల కోసం ఇక్కడ మళ్లీ రాస్తున్నాను.

ఆదివారం దాకా ఆగకండి, ఇప్పుడే బయలుదేరండి. చేరేలోపు వాణ్ణి ఒంటరిగా వదలొద్దని వార్డెన్‌కు ఫోన్లో చెప్పండి. ఎదురుగా కూర్చున్నాక ‘చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా?’ అని సూటిగా అడగండి. న్యూయార్క్ రాష్ట్రంలోని ఆరు హైస్కూళ్లలో 2,342 మంది పిల్లల మీద జరిపిన అధ్యయనం 2005లో అచ్చయింది. కొందరిని ఆత్మహత్య ఆలోచనల గురించి నేరుగా అడిగారు, కొందరిని అడగలేదు. అడిగినందువల్ల ఆ ఆలోచనలేమీ పెరగలేదు. అప్పటికే కుంగిపోయి ఉన్నవాళ్లకు కాస్త ఊరట కూడా కలిగింది.

అవునంటే తిట్టకండి, ఏడ్చి వాణ్ణే ఓదార్చే పని పెట్టకండి. అదే రోజు సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. టెలీ మానస్ 14416కు పగలూ రాత్రీ ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. కట్టిన ఫీజు సంగతి ఇప్పుడు ఎవరూ ఎత్తొద్దు, తాతయ్యతో సహా.

ప్రశ్న: మా స్కూల్లో రోజూ పది నిమిషాలు ధ్యానం పెట్టాం. ఇంకేమైనా చేయాలా?
– ఒక ప్రైవేటు స్కూలు కరస్పాండెంట్, హైదరాబాద్

జవాబు: చేయాలి. బ్రిటన్‌లో 85 బడుల్లో, ఎనిమిది వేల మందికి పైగా 11–14 ఏళ్ల పిల్లలతో ‘మైండ్‌ఫుల్‌నెస్’ పాఠాలను పరీక్షించారు. ఎప్పుడూ చెప్పే పాఠాలకంటే వాటివల్ల ఎక్కువ మేలు జరగలేదని 2022లో తేల్చారు. ధ్యానం మానేయమనను. మార్కుల లెక్కన సెక్షన్లు విడదీసి ఉంటే మాత్రం ముందు వాటిని కలపండి. అలా విడదీయొద్దని పైన చెప్పిన సుప్రీంకోర్టు మార్గదర్శకాల్లోనే ఉంది. ‘సి’ సెక్షన్ బోర్డు కింద కళ్లు మూసుకుంటే ఆ పిల్లాడికి ఏం కనిపిస్తుందంటారు?

ప్రశ్న: మా బడిలో ఫిర్యాదుల పెట్టె ఉంది. తాళం చెవి హెడ్మాస్టర్ దగ్గరే ఉంటుంది. అందుకే ఎవరూ ఏమీ వేయరు.
– పదో తరగతి విద్యార్థి

జవాబు: బాబూ, సమస్యలో సగం నువ్వే విప్పేశావు. హెడ్మాస్టరు గారూ, ఆ తాళం చెవి బడిలో ఉద్యోగం చేయని వారికెవరికైనా ఇవ్వండి. చేతిరాత గుర్తుపడతారని భయమైతే, ఈ ముక్క కత్తిరించి పెట్టెలో వెయ్యి నాయనా.